ఖాళీ గడి రద్దయింది

గత మంగళవారం ఉదయం పదకొండు గంటలకు మా పరిశోధన సంస్థలో రక్తహీనత సమూలంగా నిర్మూలమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. నేను ఇక్కడ వార్షిక నివేదిక రాసే గుమాస్తాను కనుక సంతోషించడం నా ఉద్యోగ విధుల్లో ఒకటి.

ఈ ఘనత ఒక కుందేలుది. మన ఒంట్లో ఇనుమును దాచిపెట్టి, అవసరమైనప్పుడు కొంచెం కొంచెంగా బయటికి వదిలే ప్రోటీను ఒకటుంది. దాని పేరు ఫెరిటిన్. అది తగ్గితే ఇనుము తగ్గినట్టు. దాన్ని పట్టుకునే యాంటీబాడీని మావాళ్లు ఆ కుందేలు రక్తం నుంచి తీశారు. ఎనిమిది గడులున్న కాగితం మీద గడికొకరి రక్తం చుక్క వేసి, పైన ఈ యాంటీబాడీ పోస్తే నీలం గీత వస్తుంది. ఫెరిటిన్ నిండుగా ఉంటే చిక్కటి గీత, తక్కువుంటే పలచటి గీత, లేకపోతే అసలే రాదు.

ఇదివరకు వాడిన పాత యాంటీబాడీకి మొహమాటం ఉండేది కాదు. సగం మందికి పలచటి గీత చూపించి, వాళ్ల మనసు కష్టపెట్టి, ఐరన్ మాత్రల కోసం డిస్పెన్సరీ ముందు వరసలో నిలబెట్టేది. కొత్తది అలాంటిది కాదు. నాలుగు వందల మంది ఉద్యోగులకు నాలుగు వందల చిక్కటి గీతలు చూపించింది. డిస్పెన్సరీ ముందు వరస మాయమైంది, మాత్రలు ఆపేశారు. కుందేలు మెడలో పతకం వేస్తే అది రిబ్బను నమిలేసింది. నివేదికలో దాన్ని నిరాడంబరత అని రాశాను.

ఇంత సంబరంలోనూ మొహం ముడుచుకున్నది ఒక్క ల్యాబ్ టెక్నీషియన్. ఎనిమిదో గడిలో ఎవరి రక్తమూ వేయకుండా ఉత్త నీళ్ల చుక్క వేయాలనీ, అక్కడ గీత రాకూడదనీ, వచ్చిందంటే యాంటీబాడీ అబద్ధమాడుతున్నట్టేననీ ఆవిడ పట్టు. అందుకే ఆవిడను అందరూ ఖాళీగడమ్మ అంటారు. అన్నంత పనీ చేసింది. నీళ్లకు చిక్కటి నీలం గీత వచ్చింది. టీ వేసింది, వచ్చింది. జిగురు వేసింది, వచ్చింది. డైరెక్టరు గారు సంతకం చేసిన సర్క్యులర్‌ను నానబెట్టి ఆ నీళ్లు వేస్తే అన్నిటికన్నా చిక్కగా వచ్చింది.

వెంటనే కమిటీ కూర్చుంది. డైరెక్టరు గారు లేచి నిలబడ్డారు. "నీళ్లలో ఇనుము లేదని ఎవరు చెప్పారమ్మా? మన గొట్టాలు ఇనుపవి కావూ? సరే, లేదనే అనుకుందాం. ఉన్నచోట కనిపెట్టడం ఏ యాంటీబాడీ అయినా చేస్తుంది. లేనిచోట కూడా కనిపెట్టిందంటే దీని చూపు ఎంత తీక్షణమైందో ఆలోచించారా?" కమిటీ ఆలోచించలేదు గానీ బల్లలు చరిచింది. ఏ పనీ చేయకుండా ఒక గడి ఊరికే కూర్చుంటే మిగతా ఏడు గడులూ చెడిపోతాయన్న కారణంతో ఖాళీ గడిని రద్దు చేశారు. ఆ స్థానాన్ని డైరెక్టరు గారి రక్తానికి శాశ్వతంగా కేటాయించారు.

ఇక్కడ మా వదిన సంగతి చెప్పాలి. మా అన్నయ్య భార్య. మా సంస్థలోనే మూడో అంతస్తులో గాజు సీసాలు కడుగుతుంది. అంతస్తుకోసారి ఆగి, కమ్మీ పట్టుకుని ఊపిరి పీల్చుకుంటుంది. బోర్డు దగ్గరి సుద్దముక్కలు నములుతుంది. పాత యాంటీబాడీ రోజుల్లో ఆవిడకు గీతే రాలేదు. డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. రెండు నెలలు తిరిగేసరికి మెట్లు ఆగకుండా ఎక్కింది. ఒకసారి కూనిరాగం తీస్తూ ఎక్కడం నేను చెవులారా విన్నాను. కొత్త యాంటీబాడీ వచ్చాక మాత్రలు ఆగాయి, కూనిరాగం ఆగింది, ఆవిడ కూడా మళ్లీ అంతస్తుకోసారి ఆగడం మొదలుపెట్టింది.

"అమ్మాయ్, నీ కుందేలు నా గురించి ఏమంటోంది?" అని ఖాళీగడమ్మను అడిగింది వదిన.

"నీ ఒంట్లో ఇనుము నిండుగా ఉందంటోంది అక్కా."

"మరి మెట్లెక్కుతుంటే కళ్లు బైర్లు కమ్ముతున్నాయేంటే?"

"దానికి మెట్లు ఎక్కడం తెలీదు కదక్కా."

ఈ ఫిర్యాదును కమిటీ తేలిగ్గా తీసుకోలేదు. యాంటీబాడీ తప్పు చెప్పదు కాబట్టి తప్పు మెట్లదే అయి ఉండాలని తేల్చి, ముగ్గురు ఇంజనీర్ల చేత మెట్లు కొలిపించింది. ఒక మెట్టు గోరంత ఎత్తు ఎక్కువ ఉందని తేలింది. దానికి సంజాయిషీ నోటీసు అంటించారు. మా వదిన మొహం పాలిపోయి కనిపించడానికి కారణం ట్యూబులైటు అని నిర్ధారించి, దాన్ని తీయించేశారు. చీకట్లో ఆవిడ మొహంలో మంచి కళ కనిపించిందని కమిటీ సభ్యులు ఏకగ్రీవంగా రాశారు.

ఆ మంగళవారం సభ జరిగింది. ఎనిమిది మంది వేదిక ఎక్కారు. ముఖ్య అతిథి, డైరెక్టరు, అయిదుగురు కమిటీ సభ్యులు, సామాన్యుల తరఫున మా వదిన. అందరి వేళ్లూ పొడిచి, ఎనిమిది గడులూ నింపి, పైన యాంటీబాడీ పోసింది ఖాళీగడమ్మ. ఎనిమిది చిక్కటి నీలం గీతలు వచ్చాయి. అప్పుడు ఆవిడ మైకు అందుకుంది.

"అయ్యా, ఈ కాగితం మీద ఎవరి రక్తమూ లేదు. మీ చుక్కలన్నీ ఇదిగో, ఈ పళ్లెంలోనే ఉన్నాయి. గడులన్నిటిలో నేను వేసింది ఉత్త నీళ్లు. ఇప్పటికైనా మా అక్క మాత్రలు అక్కకిచ్చెయ్యండి."

డైరెక్టరు గారి మొహంలో, యాంటీబాడీ ఏమన్నా సరే, నెత్తురు చుక్క లేదు. ముఖ్య అతిథి మెల్లగా లేచారు. ఆయన కళ్లు చెమర్చి ఉన్నాయి.

"నా రక్తం ముట్టుకోకుండానే నా ఒంట్లో ఇనుము కనిపెట్టిందా!" అన్నారు.

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. ఇకమీదట ఎవరికీ సూది పొడవనక్కర్లేదనీ, పేరు రాసిస్తే చాలుననీ, పుట్టబోయే పిల్లలకు సైతం ముందస్తు ధ్రువపత్రాలు ఇస్తామనీ అక్కడికక్కడే ప్రకటించారు. ఖాళీగడమ్మకు పదోన్నతి ఇచ్చి కుందేళ్ల బోనులు శుభ్రం చేసే విభాగానికి అధిపతిని చేశారు. వదిన చప్పట్లు కొట్టబోయి, చేతులు లేవక, వేదిక మీదే చతికిలబడింది. ఆవిడ వినయానికి ఇంకోసారి చప్పట్లు కొట్టారు.

నాకు ఒళ్లు మండిపోయింది. నివేదికలో 'సభ జయప్రదంగా ముగిసింది' అని రాసి, వదినను రిక్షాలో ఇంటికి తీసుకొచ్చాను. జరిగిందంతా అన్నయ్యకు చెప్పాను. అన్నయ్య నాకంటే ఎక్కువ మండిపడ్డాడు.

"వాళ్లు మనుషులేనంట్రా? ఎదురుగా ఆడమనిషి కూలబడిపోతుంటే కళ్లు కనపడవా వాళ్లకి?"

గంటసేపు ఇద్దరం కలిసి డైరెక్టర్ని తిట్టాం, కమిటీని తిట్టాం, మొత్తం సమాజాన్ని తిట్టాం. తిట్టి తిట్టి కడుపులో ఆకలి కరకరలాడింది.

"వదినా, వడ్డించెయ్," అన్నాను.

వదిన గోడ పట్టుకుని లేచి వండింది, వడ్డించింది. ఇద్దరం కోపంతో రెండేసిసార్లు పెట్టించుకుని తిన్నాం. ఆవిడ కోసం గిన్నెలో ఏం మిగిలిందో నాకు తెలియదు. పన్నెండేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఏ రోజూ మూత తీసి చూడలేదు.

మీరు చూశారా?