పొట్టేలు బేరంలో నాజ్‌నీన్ చెయ్యి

ఆ శనివారం పొద్దున సంతకు బయలుదేరేటప్పుడు దాదాపీర్ దగ్గర ఉన్నవి ఒక కొమ్ముల పొట్టేలు, భుజాన తువ్వాలు, అనంతపురంలో ఇచ్చి వచ్చిన మాట ఒకటి. పొట్టేలును మంచి ధరకు వదిలించుకోవాలని అతని ఆలోచన. మాట మాత్రం వెంట వచ్చిన మనవరాలు నాజ్‌నీన్ గురించి. ఆరేళ్ల ఆ పిల్ల వేళ్లలో పట్టు తక్కువ. బొత్తాం పెట్టాలన్నా, బువ్వ తినాలన్నా ఇంట్లో ఎవరో ఒకరి చెయ్యి కావాలి. ఆక్యుపేషనల్ థెరపీ చేసే సునంద మేడం ఖండితంగా చెప్పేసింది: "తన పని తననే చేసుకోనీండి. మీ చేతులు వెనక్కి కట్టుకోండి." అట్లేనని ఆమెకు మాటిచ్చి వచ్చాడు దాదాపీర్.

సంతలో పొట్టేలును గుంజకు కట్టబోతుంటే నాజ్‌నీన్ తాడు లాక్కుంది. "నేనే కడతా దాదా!"

ముడి వేయడం, జారడం, మళ్లీ వేయడం. దాదాపీర్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

అంతలో పొట్టేళ్లు కొనే తిప్పయ్య వచ్చి తన తువ్వాలు కింద చెయ్యి చాచాడు. ఆ సంతలో ధర నోటితో చెప్పరు. తువ్వాలు చాటున కొనేవాడి వేళ్లను అమ్మేవాడు పట్టుకోవాలి. ఎన్ని వేళ్లు పడితే అంత ధర. గట్టిగా నొక్కితే బేరం ఖాయం.

"చెయ్యీయవేందన్నా? బెంగళూరు పార్టీ ఏమన్నా వచ్చినాదా?"

"నా చేతులు ఖాళీ లేవప్పా."

ఆ మాట ఓబులేష్ టీ బండి దాకా పోయేసరికి, జనం నోళ్లలో పొట్టేలు బెంగళూరు లారీ ఎక్కి మడకశిర దాటేసింది. ఎంతకు పోయిందో తెలుసుకోవాలని జనం మూగారు. ఒకడు జాలిపడి తాడు అందుకోబోయాడు.

"చెయ్యి తియ్! పాపే కడతాది!" దాదాపీర్ గద్దించాడు.

ఆ అరుపుకు పొట్టేలు బెదిరింది. ముడి ఊడింది. పొట్టేలు పోయి టీ బండిని కుమ్మింది. పాలగిన్నె దొర్లింది.

"పట్టుకోకుండా సూస్తాండావే, చేతుల్లేవా నీకు?" ఓబులేష్ కేకలేశాడు.

"ఉండాయి. కట్టేసుకున్యా!"

నలుగురూ పొట్టేలును పట్టి తెచ్చారు. నాజ్‌నీన్ మళ్లీ కట్టింది. ఈసారి ముడి నిలిచింది. తిప్పయ్యకు ఓపిక చచ్చి, సంత మర్యాద మరిచి నోటితోనే అనేశాడు: "నాలుగు వేళ్లు పట్టన్నా, కొంటా!"

తువ్వాలు కింద మళ్లీ చెయ్యి చాచాడు. వేళ్లు పట్టి నొక్కమని మేడం ఆడించే ఆటే అనుకుంది నాజ్‌నీన్. తన చెయ్యి దూర్చి, రెండే వేళ్లు దొరకబుచ్చుకుని, ఉన్న బలమంతా పెట్టి నొక్కింది.

"అబ్బా!" అన్నాడు తిప్పయ్య.

జనం గొల్లుమన్నారు. "సగానికే ఖాయం చేసినాదప్పో!"

తిప్పయ్య న్యాయమైన మనిషి. "పోనీలే అన్నా. పసిబిడ్డ. ఆ చెయ్యి లెక్కలోకి రాదులే."

దాదాపీర్ చేతులు అప్పుడు ముందుకొచ్చాయి. "ఎవురి చెయ్యి లెక్కలోకి రాదు? పట్టింది పట్టిందే. పొట్టేలు నీది. తోలుకోని పో!"

నాజ్‌నీన్ వేసిన ముడి విప్పడానికి తిప్పయ్యకు చాలాసేపు పట్టింది.

ఆ సంతలో దాదాపీర్‌కు పోయింది సగం ధర, వచ్చింది ఒక చెయ్యి.