వయా వంటిల్లు

వకుళకు భర్త జోగారావు మీద ఉన్న ఫిర్యాదు చాలా చిన్నది: ఆయన పొద్దున్నే సైకిలెక్కి సరస్సు గట్టు మీద షికారుకు బయల్దేరగానే చేపల లారీలన్నీ ఆవిడ వంటింట్లోంచి పోతున్నాయి. మనిషికి తాగుడు లేదు, పేకాట లేదు, ఇంట్లో గొంతు పెంచిన పాపాన పోలేదు. ఉన్నది ఒక్క సైకిలే. తిరిగొచ్చాక దాని గొలుసుకు తనే నూనె పెట్టుకుంటాడు కూడా. తుడిచిన గుడ్డ ఎక్కడ పడేస్తాడో మాత్రం ఆయనకే తెలియదు. ఇలాంటి మనిషి గురించి ఎవరి దగ్గరికి పోయి ఏమని చెప్పుకుంటుంది?

విహార మార్గాల శాఖవారు కొల్లేటి పక్కన పందొమ్మిది కిలోమీటర్ల గట్టును వాహనాలు లేని సైకిలు దారిగా ప్రకటించి మూడు నెలలు కావస్తోంది. అక్కడి నేల ఎంత చదునంటే, గోలీ వదిలితే ఎటు దొర్లాలో దానికి తోచదు. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క రెల్లు, పైన ఆకాశం. అంతకుముందు ఆ గట్టు మీద తిరిగిన లారీలూ బస్సులూ ఇప్పుడు ఎటు పోవాలన్న ప్రశ్న వచ్చింది. వాహనాలను రద్దు చేసే అధికారం శాఖకు లేదు, మళ్లించే అధికారమే ఉంది. ప్రశాంతత ఎవరికి కావాలో వారి ఇంటి మీదుగా మళ్లించడమే న్యాయమని కమిటీ తేల్చింది. ఎవరింటికి ఏ బళ్ళో చీటీలు తీశారు. జోగారావుకు చేపల లారీలు, షేర్ ఆటోలు, ఆరున్నర ఎర్ర బస్సు వచ్చాయి.

ఆ దారిలో తొక్కడానికి పెట్టుకునే దరఖాస్తు నాలుగో పేజీలో ఒక గడి ఉంది. 'ఉదయం వేళ మీ ఇంట్లో ఖాళీగా ఉండే గది ఏది?' జోగారావు అందులో 'వంటిల్లు' అని రాశాడు. మార్కెట్ యార్డులో సూపరింటెండెంటు కాబట్టి గళ్ళు నింపడంలో ఆయనకు చెయ్యి తిరిగింది.

"అదేంటండీ, వంటిల్లు ఖాళీ అని రాశారు?" అని వకుళ అడిగింది.

"మరి నేనెప్పుడు తొంగిచూసినా అక్కడ నువ్వొక్కదానివేగా!" అన్నాడు.

ద్వారబంధం వెడల్పు రెండు ముప్పావు అడుగులు, లారీ వెడల్పు ఎనిమిది అడుగులు, ఎలా పడుతుందన్న సందేహం శాఖకు కూడా కలిగింది. కానీ అది అనుమతి మంజూరయ్యాక కలిగింది. మంజూరైన లారీ పట్టి తీరాలి, పట్టింది.

పావుతక్కువ ఆరుకు జోగారావు చక్రం ట్రాక్ మీద పడుతుంది, ఇక్కడ మొదటి లారీ పెరటి తలుపులోంచి లోపలికొస్తుంది. గ్యాసుపొయ్యికీ ఫ్రిజ్‌కీ మధ్య మలుపు తిరిగి, గిన్నెల అలమర దగ్గర వేగం తగ్గించి, హాల్లోకి పోకుండా కిటికీలోంచి బయటపడుతుంది. నీళ్ళు కారుతున్న ఐసు, దాని వెనక చేపల వాసన. వకుళ తొలివారంలో కంగారుపడింది. రెండోవారానికి లారీకీ లారీకీ మధ్య ఒక దోసె తిరగేయొచ్చని కనిపెట్టింది. మూడోవారానికి గరిటె పైకెత్తితే బళ్ళు ఆగుతాయనీ, పక్కకి ఊపితే కదులుతాయనీ తెలిసింది. ఆవిడ బి.ఏ. చదివింది గాని అందులో ఇది లేదు.

"అక్కా, ఆ మూకుడు కాస్త లోపలికి జరుపు, అద్దానికి తగులుద్ది," అనేవాడు లారీ డ్రైవర్ మస్తాన్.

"నీ అద్దమే జరుపుకోవయ్యా. నూనె కాగుతోంది."

"ఏం పోపేస్తున్నావక్కా?"

"నీకెందుకు? గేరెయ్యి."

ఎర్ర బస్సు వచ్చినప్పుడు కండక్టరు "వంటిల్లు, వంటిల్లు! దిగేవాళ్ళు దిగండి!" అని కేకేసేవాడు. కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ చెయ్యి చాపి పప్పులో రోజూ చిటికెడు ఉప్పు వేసేది. అడిగి వేయదు. కాని ఒక్కరోజూ ఎక్కువ కాలేదు.

ఎనిమిదింటికి జోగారావు వచ్చేవాడు. ముఖం కడిగిన పలకలా ఉండేది. "ఏం ప్రశాంతత వకుళా! ఈగ కూడా అడ్డం రాదనుకో. నువ్వు కూడా ఎప్పుడైనా చూడాలి," అనేవాడు, ఐసునీళ్ళ మీద కాగితాలు పరుస్తున్న ఆవిణ్ణి దాటుకుంటూ. ఆవిడ మాత్రం ఏ గదిలోనూ నిలకడగా కూర్చోలేకపోయేది. మధ్యాహ్నం మంచం మీద వాలినా ఎటు నుంచో ఏదో వస్తుందని కాళ్ళు ముడుచుకునేది. ఎదురింటావిడతో మాట్లాడుతూ మాట్లాడుతూ అటూ ఇటూ చూసి అప్పుడు గుమ్మం దాటేది.

ఒకరోజు శాఖకు ఉత్తరం రాసింది. పది రోజుల్లో జవాబు వచ్చింది. దరఖాస్తుదారు కానివారి అభ్యంతరాలకు గడి లేనందున ఆవిడ ఉత్తరాన్ని 'శబ్దం' కింద నమోదు చేసినట్టూ, ఉదయం వేళల్లో శబ్దం తగ్గించుకోవలసిందిగా కోరుతున్నట్టూ అందులో ఉంది. అసలు సంగతి చివర్లో ఉంది. తొంభై రోజులు పూర్తయితే తాత్కాలిక మళ్లింపు శాశ్వతమవుతుంది. వంటింటికి రోడ్డు నంబరు వేస్తారు, పొయ్యి ముందు డివైడరు కడతారు, ఇరవై నాలుగు గంటలూ బళ్ళు నడుస్తాయి. ఈలోగా రద్దు కావాలంటే దరఖాస్తుదారు స్వయంగా, అధికారి ఎదుట, 'తప్పు నాదే' అని నోటితో చెప్పాలి. కాగితం మీద రాసిచ్చేవి చెల్లవు. కాగితాల మీద ఎలా రాస్తారో శాఖకు బాగా తెలుసు.

వకుళ ఆ వాక్యం రెండుసార్లు చదివి ఉత్తరం మడిచేసింది. పందొమ్మిదేళ్ళ కాపురంలో జోగారావు నోట ఆ మాట రాలేదు. ఒకసారి ఒక పెళ్ళికి ముహూర్తం మర్నాడనుకుని ఒకరోజు ఆలస్యంగా తీసుకెళ్ళాడు. పందిరి విప్పుతున్నారు. "వీళ్ళకి అన్నిటికీ తొందరే," అన్నాడు.

అడిగితే పని జరగదని ఆవిడకు తెలుసు. అందుకే ఎనభై తొమ్మిదో రోజు మజ్జిగ పోస్తూ ఇంకో దారిలో వచ్చింది.

"ఏమండీ, రేపొక్కపూట నేను తొక్కొస్తాను."

"నీకు సైకిలొచ్చా?"

"కాలేజీకి మూడేళ్ళు తొక్కాను."

"చీరలోనా?"

"ఓణీలో. మీరు వంటింట్లో ఉండాలి మరి. ఎవరో ఒకరు ఉండి దారివ్వాలట, రూలు."

"దాందేముంది! పోయేవి అవే పోతాయి," అన్నాడు జోగారావు. యార్డులో రోజూ రెండొందల బళ్ళకు చీటీలు రాసే మనిషి.

తొంభయ్యో రోజు పొద్దున వకుళ చుడీదారు వేసుకుని సైకిలెక్కింది. ఒక్క పూట ఆ వంటింట్లో నిలబడితే చాలు, ఆ మాట దానంతటదే వస్తుందని ఆవిడ లెక్క. మళ్లింపు సంగతి తేల్చడానికి శాఖ అధికారి ఏకాంబరం కూడా ఆ ఉదయమే ఇంటికి రావాలి.

ట్రాక్ నిజంగానే బాగుంది. అంత బాగుండటం చూసి ఆవిడకు కోపం వచ్చింది. గుర్రపుడెక్క పక్కన గూడబాతులు కదలకుండా కూర్చున్నాయి. గాలి కూడా అనుమతి తీసుకుని వీస్తున్నట్టుంది. వకుళ మాత్రం తిన్నగా తొక్కలేకపోయింది. మలుపు లేనిచోట చెయ్యి చూపించింది. వెనక ఏమీ లేకపోయినా పక్కకు తప్పుకుంది. ఆరున్నరకు ఉన్నట్టుండి బ్రేకు వేసి, బస్సు పోవడానికి పట్టేంతసేపు ఆగి, మళ్ళీ కదిలింది.

ఎదురుగా తెల్లటోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ఈలవేసుకుంటూ వచ్చి పక్కనే ఆగాడు.

"కొత్తగా కనబడుతున్నారే! ఏమ్మా, ఇంట్లో ఎవరూ లేరా?"

"మావారున్నారు. మీ ఇంట్లోంచి ఏం పోతాయండీ?"

"గడ్డి ట్రాక్టర్లు. దేవుడి గదిలోంచి."

"మీ ఆవిడ ఏమంటారు?"

ఆయన కాస్త ఆలోచించాడు. "ఏమంటదో సరిగ్గా వినబడదమ్మా, ట్రాక్టర్లు కదా," అని మళ్ళీ ఈలందుకున్నాడు.

వకుళ గట్టు పొడుగునా చూసింది. దూరందూరంగా పదిహేను ఇరవై మంది తొక్కుతున్నారు. అందరూ మగవాళ్ళే, అందరి ముఖాలూ కడిగిన పలకలే. ఒక్కొక్క సైకిలు వెనకా ఒక్కొక్క వంటిల్లు ఆవిడకు కనబడింది. ముందు ఇంకో పదకొండు కిలోమీటర్ల చదును మిగిలి ఉంది. కాసేపు ఆ వైపే చూస్తూ నిలబడింది. తర్వాత, సాంబారు కింద మంట తగ్గించమని చెప్పలేదని గుర్తొచ్చి సైకిలు వెనక్కి తిప్పింది.

ఇంటికి కిలోమీటరు ముందే బళ్ళు నిలిచిపోయి ఉన్నాయి. పెరటిదాకా హారన్లే. లోపల జోగారావు గిన్నెల గట్టు మీద నిలబడి ఉన్నాడు. మొదట లారీ పోవాలా ఆటో పోవాలా అన్న తగవులో ఆయన ఇద్దరి వాదనలూ విన్నాడు. న్యాయంగా ఉండాలని పేపరు చించి అందరికీ నంబర్లిచ్చాడు. ఇరవై మూడు చీటీలు పంచాక ఒకటో నంబరువాడు కనబడలేదు. వాడు వచ్చేదాకా రెండో నంబరును పంపడానికి ఆయన ఒప్పుకోలేదు. సాంబారు అడుగంటి గది పొగచూరింది. ఏకాంబరం ఫ్రిజ్ పక్కన ఒదిగి నిలబడి ఒక చేతిలో తెల్లఫారం, ఇంకో చేతిలో గులాబీఫారం పట్టుకుని ఉన్నాడు. తెల్లది రద్దుకు, గులాబీది శాశ్వతానికి.

"అక్కొచ్చింది! అక్కొచ్చిందిరోయ్!" అని మస్తాన్ అరిచాడు.

జోగారావు పెదాలు కదిలాయి గాని హారన్లలో ఏమీ వినబడలేదు. "వినబడని మాట రాసుకోలేం సార్," అని ఏకాంబరం చెవి దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. పెదాల కదలిక చూసిన వకుళ మాత్రం అదే మాటనుకుంది. గోడకున్న గరిటె తీసి పైకెత్తింది.

హారన్లన్నీ ఆగిపోయాయి. ఇంజన్లు ఆగాయి. తొంభై రోజుల్లో మొదటిసారి పొద్దుటిపూట ఆ వంటింట్లో కుళాయి చుక్క పడటం వినబడింది.

"వకుళా, తప్పు నాదే," అన్నాడు జోగారావు.

ఏకాంబరం తెల్లఫారం పైకి తీసి పెన్ను మూత విప్పాడు. "ఏది తప్పో కూడా స్పష్టంగా చెప్పండి సార్. గడి ఉంది."

జోగారావు గట్టు దిగి, చేతికందిన గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. అది గొలుసు తుడిచిన గుడ్డ. బుగ్గ మీద నల్లటి చార పడింది. బస్సు వైపు, లారీ వైపు, మాడిన గిన్నె వైపు చూసి చివరికి భార్య వైపు చూశాడు. ఆయన కళ్ళల్లో నిజంగానే నీళ్ళున్నాయి.

"నువ్వు లేకపోతే ఒక్క బండి కదల్లేదు. నీ విలువేంటో ఇవాళ తెలిసింది. రాసుకోండి సార్, పైకే చెబుతున్నా. తప్పు నాదే. ఆవిణ్ణి బయటికి పంపకుండా ఉండాల్సింది."

బస్సులో మగవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఉప్పు వేసే పెద్దావిడ మాత్రం చెయ్యి లోపలికి తీసుకుని కిటికీ అద్దం వేసుకుంది. ఏకాంబరం తెల్లఫారం మడిచి జేబులో పెట్టుకుని గులాబీది నింపడం మొదలుపెట్టాడు.

"అక్కా, చెయ్యి దించక్కా. ఐసు కరిగిపోతంది," అన్నాడు మస్తాన్ మెల్లగా.

వకుళ గరిటె పక్కకి ఊపింది. లారీ కదిలింది. దాని వెనక ఆటోలు, వాటి వెనక బస్సు. ఆ హోరులో ఆవిడ సాంబారు గిన్నె దించి, ఎవరూ అడక్కుండానే, గట్టిగా అంది:

"తప్పు నాదేలెండి. తిరిగిరాకుండా ఉండాల్సింది."

దానికి గడి లేదు. ఏకాంబరం తలెత్తి ఒక్కక్షణం చూసి, శబ్దం కింద రాసుకున్నాడు.