ఇడ్లీ బండికి హాజరు చాలలేదు

మన ఖరగ్‌పూర్‌లో ఒక కళాశాల వారు డిగ్రీ పిల్లలకు సొంత వ్యాపారం పెట్టడంలో ఓనమాలు నేర్పుతున్నారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఉద్యోగం కోసం ఎదురుచూసే కాలం పోయిందట. ఆ కబురు చెప్పడానికి, రైల్వే ఆఫీసులో ముప్పై ఎనిమిదేళ్ళు ఒకే కుర్చీలో కూర్చుని రిటైరైన యజ్ఞనారాయణ గారిని నియమించారు. ఆయన చేసిన ఏకైక సాహసం, ఆ కుర్చీని కిటికీ పక్కనుంచి ఫ్యాను కిందికి జరపడం. దానికీ పై నుంచి అనుమతి తెప్పించుకున్నారు.

"రిస్కు తీసుకోండి నాయనలారా. హాజరు మాత్రం డెబ్బై అయిదు శాతానికి తగ్గకూడదు" అని తొలిరోజే ఉపదేశించారు.

క్లాసు ఉదయం ఏడున్నరకి. సరిగ్గా ఆ వేళకే ట్రాఫిక్ కాలనీ పిల్ల శ్రావణి, రెండో సంవత్సరం విద్యార్థిని, వర్క్‌షాపు గేటు దగ్గర ఇడ్లీ బండి నడుపుతుంది. ఆ ఇడ్లీ ఎంత తేలికంటే, సైరన్ కూతకి ఎగిరిపోకుండా పైన చట్నీ వేసి ఆపాలి. నా కళ్ళతో చూశాను.

శ్రావణికి హాజరు తగ్గింది, పరీక్ష రాయనిచ్చేది లేదన్నారు యజ్ఞనారాయణ గారు.

"నేను నిజింగా యాపారమే సేస్తన్నాను కద సార్" అంది.

"చేస్తే ఏటమ్మా? నేర్చుకోకుండానే అందరూ చేసేస్తే ఇంక మేమెందుకు?" అన్నారాయన. న్యాయమైన ప్రశ్న.

క్లాసుకి అరగంట ఆలస్యంగా రావాలంటే అనుమతికి దరఖాస్తు పెట్టమన్నారు. పెట్టింది. అది ప్రాపర్ చానల్లో బయలుదేరింది. మన స్టేషను ప్లాట్‌ఫారం పొడవు మీకు తెలుసు, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. ఈ చివర ఎక్కిన కాగితం ఇంకా ఆ చివర దిగలేదు.

తండ్రి గణపతిరావు వర్క్‌షాపులో ఫిట్టరు. రోజూ కూతురి బండి దగ్గరే తిని లోపలికి వెళతాడు. "ఇడ్లీలకి పింసనుంటాదేటే? ఈ పరీచ్చ పోతే డిగ్రీ పోద్ది. డిగ్రీ నేకపోతే రైల్వే ఫారం ఏటెట్టి నింపుతావు?" అన్నాడు, మూతి తుడుచుకుంటూ.

శ్రావణి బండిని పాత ఇనుము కింద అమ్మేసి ముందు బెంచీలో కూర్చుంది. హాజరు నిండింది.

ఆఖరి రోజు ఉత్తమ వ్యాపారవేత్త బహుమతి సాయికుమార్ అనే కుర్రాడికి ఇచ్చారు. అతను అట్టముక్కలతో ఇడ్లీ బండి నమూనా చేసి, ఆవిరికి బదులు దూది పెట్టాడు. "ఊళ్ళో ఇలాంటి బండి మరొకటి లేదు" అని పెద్దలు మెచ్చుకున్నారు. అప్పటికి నిజంగానే లేదు. బహుమతి, రైల్వే పరీక్షకు ఉచిత కోచింగ్. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

ఆ నమూనా ఇప్పుడు గాజు పెట్టెలో ఉంది. పొద్దున్నే ఆకలేస్తే మేం కొందరం వెళ్ళి చూసి వస్తున్నాం. పిల్ల దారిలో పడిందని కాలనీ అంతా సంతోషించింది. శ్రావణి మీ ఇంటి పిల్ల అయితే మీరేమనేవారో నేను అడగను. రైల్వే ఫారానికి ఆఖరు తేదీ ఎప్పుడో నాకన్నా మీకే బాగా తెలుసు.