అక్కడియన్ లంకామె

పై ఫ్లాట్ ఛాయాదేవి చెప్పిందంట, కింద ఫ్లాట్ ఈవెట్ మామ్మగారు అందరిలాంటి అమెరికన్ కాదంట, ‘అక్కడియన్’ అంట. రెండొందల యాభై ఏళ్ళ కిందట వాళ్ళ పూర్వీకురాలు కెనడా వైపు ఎక్కడో కాపురం చేసుకుంటుంటే, ఇంగ్లీషువాళ్ళు ఇంటికి నిప్పెట్టి, ఓడెక్కించి తరిమేస్తే చివరికి లూసియానాలో తేలిందంట. ఇప్పుడు మామ్మగారు ఆవిణ్ణి వెతుకుతోందంట.

“ఇంత ఆలస్యంగానా?” అన్నాడు శేషగిరి, సోఫాలోంచి లేవకుండానే.

“అక్కడియన్ కాదు, అకేడియన్. ఛాయాదేవి నోట్లో పడ్డాక అట్లా అయింది,” అంది కృష్ణవేణి. “వెతకడంలో నేనే సాయం.”

శేషగిరికి అక్కడే గుండెలో గుచ్చుకుంది. తను డేటాబేసుల మీద బతుకుతున్న మనిషి. ఈ టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో సగం కంపెనీలకి పోయిన డేటా వెతికిపెట్టినవాడు. అలాంటివాడు ఇంట్లో ఉండగా, మామ్మగారు అతని పెళ్ళాన్ని పిలుస్తుందా?

పిలవడమేంటి, పొగుడుతోంది కూడా. ఆ పాత చర్చి పుస్తకాల ఫోటోలు కంప్యూటర్లో చూస్తే అక్షరాలన్నీ చీమలు పాకినట్టుంటాయి. మామ్మగారి చూపు ఆనలేదు. కృష్ణవేణివి బియ్యంలో రాళ్ళేరిన కళ్ళు. మార్గరీట్ అనే ఆ పూర్వీకురాలి పేరు టక్కున ఏరేసింది.

“మొగుడు చచ్చిపోయినా, మళ్ళీ పెళ్ళి చేసుకున్నా, అక్కడి చర్చి ఫాదర్లు ఆడమనిషిని పుట్టింటి ఇంటిపేరుతోనే రాసేవాళ్ళంటండీ. అందుకే దొరికింది,” అంది కృష్ణవేణి గర్వంగా, తన మేనత్తే దొరికినట్టు.

“మాకు వెతుక్కునే కర్మేంటి? ఏడు తరాలు నాలిక మీదున్నాయి,” అని శేషగిరి గడగడా అప్పజెప్పాడు. వెంకటస్వామి కొడుకు కోటయ్య, కోటయ్య కొడుకు వెంకటస్వామి, మళ్ళీ కోటయ్య.

“వీళ్ళందర్నీ కన్నదెవరు?”

శేషగిరి టీవీ సౌండు పెంచాడు.

దొరికిన సంబరానికి మామ్మగారు ఆదివారం భోజనానికి పిలిచింది. ఒక్కటే షరతు. ప్రతి ఇంటివాళ్ళూ తమ వంశంలో ఒక పాతకాలపు ఆడమనిషి కథ చెప్పాలి. శేషగిరికి ఉత్సాహం పొంగింది. ఆఫీసు ప్రింటర్ మీద మంచం దుప్పటంత వంశవృక్షం అచ్చేసుకొచ్చాడు.

కృష్ణవేణి కళ్ళజోడు పెట్టుకుని చూసింది. “నేనేరీ?”

“ఇదిగో, నా పక్కన.”

“ఇది గీత కదండీ.”

“ఆ గీతే నువ్వు. మన పిల్ల సంహితని నాకు కలిపేది అదే.”

ఇక ఊళ్ళో బాబాయి పరంధామయ్యకి ఫోన్ చేశాడు. “బాబాయ్, మా తాత తల్లి పేరేంటి?”

“ఆవిడా? లంకామె.”

“అది పేరా? కృష్ణా నది మధ్యనున్న లంకలోంచి కోడలిగా వచ్చింది కాబట్టి అట్లా పిలిచారు. అసలు పేరు?”

“పిలిస్తే పలికేదిరా. ఇంకా పేరెందుకు?”

శేషగిరి ఫోన్ పెట్టేశాడు. లంక అంటే సంహిత, “శ్రీలంకా, డాడీ?” అంటుంది. ఛాయాదేవికి తెలిస్తే సాయంత్రానికల్లా టెక్సాస్ అంతా వీళ్ళది రావణాసురుడి వంశమని పాకిపోతుంది. అందుకని రాత్రికి రాత్రి కొత్త ముత్తవ్వని కన్నాడు. పేరు రాణీ రత్నమాంబ. గుర్రమెక్కి, పన్ను వసూలుకొచ్చిన దొరని కాలవలోకి నెట్టిన వీరవనిత.

“మీ ఊళ్ళో రాణులున్నారా?” అంది కృష్ణవేణి.

“నీకేం తెలుసు మా ఇంటి సంగతులు?”

కృష్ణవేణి ఫోన్ తీసుకుని బాల్కనీలోకెళ్ళింది.

ఆదివారం మామ్మగారు అన్నం మీద లూసియానా వంటకం గంబో పోసి పెట్టింది. ఛాయాదేవి వాసన చూసి, బెండకాయ పులుసే ఇంగ్లీషు నేర్చుకుందని తేల్చింది. మామ్మగారు లేచి మార్గరీట్ గురించి చెప్పింది. చంటిబిడ్డతో ఓడెక్కి, దిగిన చోటల్లా వెళ్ళగొడుతుంటే, ఎవరైనా ఏ ఊరని అడిగినప్పుడల్లా మ్యాపులో లేకుండా పోయిన తమ సీమ అకాడీ పేరే చెప్పిందంట. చెబుతున్నంతసేపూ మామ్మగారు తల దించలేదు.

తర్వాత శేషగిరి తన కాయితం దుప్పటి పరిచాడు. రాణీ రత్నమాంబ గుర్రం దౌడు తీసింది. కాలవ దూకేదాకా బాగానే ఉంది.

“అన్నయ్యగారూ, మాది మీ పక్కూరే,” అంది ఛాయాదేవి. “మీ ఊళ్ళో గుర్రమెక్కడిదండీ? గేదెలేగా.”

గుర్రం కాలవ మధ్యలో ఆగిపోయింది.

అప్పుడు సంహిత లేచింది. పదకొండేళ్ళ పిల్ల, తెలుగుని ఇంగ్లీషులో నానబెట్టి మాట్లాడుతుంది. “మా డాడీ వాళ్ళ తాతకి అమ్మ పేరు నాంచారమ్మ. రివర్‌లో ఒక లంక ఉండేది. ఆవిడ అక్కడ పుట్టింది. పెళ్ళయ్యాక వరద వచ్చింది. అందరూ వద్దన్నారు. ఆవిడ గేదె తోక పట్టుకుని ఈదుకుంటా వెళ్ళి, వాళ్ళమ్మని తెచ్చుకుంది. మార్నింగ్‌కి లంక లేదు. రివర్ తినేసింది.”

కృష్ణవేణి దాన్ని మామ్మగారికి ఇంగ్లీషులో చెప్పింది. సంహిత మళ్ళీ అందుకుంది.

“ఆ తర్వాత నాంచారమ్మా అంటే పలికేది కాదంట. లంకామె అంటేనే పలుకుతాననేది. ఊరు ఏట్లో లేకపోతే నా పేరులో ఉండనీ అనేది.”

మామ్మగారు లేచొచ్చి పిల్లని దగ్గరకి తీసుకుంది. “అయితే మీ నాంచారమ్మ కూడా మా మనిషే.”

“అవును,” అంది సంహిత. “అక్కడియన్.”

శేషగిరి ఛాతీ అతని అనుమతి లేకుండానే ఉప్పొంగింది. చేతులు మాత్రం దుప్పటి చుట్టేస్తున్నాయి.

ఇంటికొచ్చాక నిలదీశాడు. “ఇదంతా నీకెవరు చెప్పారు?”

“పిన్నిగారు. కొత్తకోడలిగా లంకామె కాళ్ళు పట్టింది తనేగా. మీరు బాబాయిగారిని అడిగారు, నేను పిన్నిగారిని అడిగాను.”

చీకటి పడుతుంటే, అక్కడ తెల్లారిందని చూసుకుని శేషగిరి ఊరికి ఫోన్ కలిపాడు. కృష్ణవేణి స్పీకర్ నొక్కింది. సంహిత పెన్ను పట్టుకుని దుప్పటి మీద గీతలున్న చోటల్లా పేర్లు రాయడానికి కూర్చుంది. అవతల గేదె అరుపూ, పాలు పిండే చప్పుడూ వినిపిస్తున్నాయి.

“పిన్నీ, ఆవిడ పేరు నాంచారమ్మని నీకు తెలిసీ, ఇన్నాళ్ళూ మాకెందుకు చెప్పలేదు?”

పాల చప్పుడు ఆగింది.

“ఇన్నాళ్ళూ ఎవడడిగాడు నాయనా.”