డాబా మీద గుడారం

సర్వే శాఖలో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైన పెద్దాయన ఆ ఉదయం గుడారానికి ఎండ చూపించాలనుకున్నారు. ఏడాదికోసారి దాన్ని డాబా మీద వేసి, నీళ్లు చల్లి, కుట్లు కారుతున్నాయేమో చూసుకుని, ఆరాక మడిచి దాచడం ఆయనకు అలవాటు. పెళ్లైన కొత్తలో కాపురం పెట్టింది అందులోనే. ఎప్పుడూ రెండో గుంజ పట్టుకునేది భార్యే. కూతురికి కాన్పని ఆవిడ నెల రోజులకని వెళ్లి నాలుగు నెలలైంది. రమ్మని అడగాలని ఆయన ప్రాణం కొట్టుకుపోతోంది. ఫోన్ చేస్తే మాత్రం మనవడి బరువు కనుక్కుని పెట్టేస్తారు.

రెండో గుంజను కుర్చీకి కట్టి ఎలాగో నిలబెట్టారు. నీళ్లు చల్లారో లేదో మబ్బు పట్టేసింది! తడి కాన్వాసు మడిస్తే బూజు పట్టి చివికిపోతుంది. గాలికి ఎగిరిపోకుండా కాపలా ఉండాలని మడత మంచం పైకి చేర్చారు. మర్నాడూ ఆరలేదు. మోకాళ్లు మెట్లకు మొరాయిస్తుంటే కోడలు కంచం పైకే తెచ్చిపెట్టింది.

పక్కింటాయన పిట్టగోడ మీంచి అంతా చూశాడు. కోడలు మామగారిని డాబా మీదికి గెంటేసిందని సాయంత్రానికల్లా వీధి వీధంతా తేల్చేసింది. మూడోనాడు కోడలి తండ్రి క్షమాపణ చెప్పుకోవడానికి తల దించుకుని వచ్చాడు. ఏ పాపమూ ఎరగని కోడలు గదిలో తలుపేసుకుంది. కొడుకు పైకి పరిగెత్తుకొచ్చేసరికి పెద్దాయన గుడారం తాళ్లు విప్పుతున్నారు.

"నాన్నా, నీకు దణ్ణం పెడతా, కిందికి రా. పక్కింటాయన అమ్మకి కూడా ఫోన్ చేశాడు. రేపు పొద్దున్నకి వచ్చేస్తోంది."

ఆయన చేతులు ఆగిపోయాయి. విప్పిన తాడు మళ్లీ మేకుకు బిగించారు.

"ఇంకా చెమ్మగానే ఉందిరా."

మర్నాడు ఆవిడ సంచీతో తిన్నగా డాబా ఎక్కింది. మెట్ల నిండా జనం. ఎవరినీ ఏమీ అడగకుండా గుడారం అంచు వేళ్లతో నలిపి చూసింది.

"ఇది నిన్ననే ఆరిపోయుంటుంది కదండీ?"

"ఆరింది," అన్నారాయన నేల చూపులు చూస్తూ. "నువ్వొస్తున్నావని తెలిశాక మడవబుద్ధి కాలేదు. నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు."

"ఆ ముక్క అంటారని నాలుగు నెలల్నుంచీ ఫోన్ పక్కనే కూర్చున్నా," అంది ఆవిడ.

కోడలిని పిలిచి దగ్గరికి తీసుకుని, వియ్యంకుడికి సర్దిచెప్పి పంపి, సంచీ గుడారంలో పెట్టి మంచం మీద ఆయన పక్కన కూర్చుంది.

పక్కింటాయన వెంటనే వాళ్ల కూతురికి ఫోన్ చేసి, మీ అమ్మను కూడా గెంటేశారని చెప్పాడు.