దొంగ చలిమిడి

ఆదివారం పొద్దున్న కాఫీ గ్లాసు కింద పెట్టేలోపల విశ్వనాథ్ ఆ రోజు పథకం వేసేసుకున్నాడు. బస్సెక్కి అమలాపురం వెళ్ళాలి. గడియారస్తంభం దగ్గర కృష్ణమోహన్ కొట్లో సెకండ్‌హ్యాండ్ వీడియో గేములు చూడాలి. ట్యూషన్ డబ్బుల్లో మిగిలిన పదిహేను వందలకి ఒక్కటంటే ఒక్క ఆట, సరైనది, కొనాలి. భోజనం వేళకి కొత్తపేట తిరిగొచ్చెయ్యాలి. అతను లెక్కల మాస్టారు. తప్పు దొర్లడానికి ఇందులో ఎక్కడా చోటు కనిపించలేదు.

"అమలాపురం వెళ్ళొస్తాను," అన్నాడు.

"గ్యాస్ బుక్ చెయ్యాలి," అంది నాగశ్రీ.

నాగశ్రీ మాట్లాడడం మానెయ్యలేదు. అవసరం లేని మాటలు మానేసింది, అంతే. పోయిన కార్తీకం నుంచి ఆ ఇంట్లో గ్యాస్ గురించీ, కరెంటు బిల్లు గురించీ, పాలవాడి గురించీ తప్ప వేరే మాట వినబడలేదు. ఆ కార్తీకంలో వాళ్ళకి ఒక బిడ్డ పోయింది. పుట్టకుండానే పోయింది. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకూడదని చెప్పలేదు. నిండకుండానే పోయింది కాబట్టి ఇక చెప్పడానికేమీ మిగల్లేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు అతను స్కూల్లో వైరల్ జ్వరమని సెలవు రాసిచ్చాడు. ఆమె కాఫీ కలిపింది.

తర్వాత కొన్నాళ్ళకి నాగశ్రీ తమ్ముడు కల్యాణ్ కొత్త కన్సోల్ కొనుక్కుని పాతది బావగారికి పడేసి వెళ్ళాడు. దానితోపాటు ఒక్క ఆట ఇచ్చాడు. కొండల్లో గుర్రమ్మీద తిరిగేవాడి కథ. సాయంత్రాలు విశ్వనాథ్ ఆడేవాడు. నాగశ్రీ వెనక కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీసేది. ఒకరోజు అతను గుర్రం దిగి, బయట వాన పడుతుంటే, ఒక పూటకూళ్ళ ఇంట్లోకి నడిచాడు.

"వానలో దాన్నలా వదిలేసి వెళ్ళిపోతారా?" అని వెనకనుంచి వినిపించింది.

అతను తిరిగి చూడలేదు. చూస్తే ఆ మాట బెదిరిపోతుందనిపించింది. మెల్లిగా బయటికి వచ్చి గుర్రాన్ని చూరుకిందకి నడిపించాడు.

"గడ్డి లేదా అక్కడ?" అంది ఆమె.

ఆ ఆటలో అతను తీర్చుకోవలసిన పగ ఒకటుంది. దాన్ని అటకెక్కించి నెల్లాళ్ళు గుర్రానికి గడ్డి పెట్టాడు. రోజుకి ఒకటో రెండో మాటలు రాలిపడేవి. పోయినవారం డిస్కుమీద గీత పడింది. గుర్రం ఒక కాలెత్తి అలాగే నిలబడిపోయింది. నాగశ్రీ కాసేపు చూసి, లేచి, "పెరుగు తోడెయ్యాలి," అంటూ వంటింట్లోకి వెళ్ళింది.

కాబట్టి అతనికి కావలసింది ఆట కాదు. జాలిపడడానికి ఒక ప్రాణి కావాలి, పదిహేను వందల లోపు.

కృష్ణమోహన్ కొట్లో సెల్‌ఫోన్ అద్దాలూ, చార్జర్లూ, ఓ మూల పాత డిస్కులూ ఉంటాయి. విశ్వనాథ్ వాటిని జవాబు పత్రాల్లా ఒక్కొక్కటే తీసి చూశాడు.

"వీటిల్లో గుర్రం ఉన్నదేదైనా ఉందాండి?"

"పందెం గుర్రమాండి మాస్టారూ?"

"కాదండి. ఊరికే ఉండే గుర్రం."

"ఊరికే ఉండేది," అని కృష్ణమోహన్ సీరియస్‌గా వెతికాడు. "యుద్ధముందండి. కార్ల రేసుందండి. కుస్తీ ఉందండి. ఊరికే ఉండేవి ఎవరూ అడగరండి. ఆయ్, ఇదిగోండి, ఇందులో ఉంది. రెండువేల రెండొందలండి."

అట్టమీద గుర్రముంది. దానిమీద తుపాకీ పట్టుకున్న మనిషీ ఉన్నాడు. విశ్వనాథ్ దాన్ని ఒక పక్కన పెట్టి ఇంకోటి తీశాడు. వ్యవసాయం ఆట. ఆవులున్నాయి. పద్నాలుగు వందలు.

"కోనసీమలో ఉండి డబ్బులిచ్చి వ్యవసాయం ఆడతారాండి?" అన్నాడు కృష్ణమోహన్ బాధగా. "మా నాన్నగారు వింటే ఊరుకోరండి. రండి, మా చేలో ఫ్రీగా చేసుకోండి."

విశ్వనాథ్ ఆలోచనలో పడ్డాడు. ఆవులకి పాక ఉంది. వానొస్తే వాటంతటవే పాకలోకి పోతాయి. వాటిమీద ఎవరు జాలిపడతారు. గుర్రం కొందామంటే ఏడొందలు తక్కువ. రెండు డిస్కులూ రెండు చేతుల్లో పట్టుకుని, తన జీవితంలో ఇంత కష్టమైన లెక్క ఎదురుకాలేదనుకుంటూ నిలబడ్డాడు.

"ఒరేయ్ విశ్వం. ఏం కొంటున్నావురా?"

అన్నపూర్ణ పిన్ని. అమలాపురంలోనే ఉంటుంది. పగిలిన ఫోను అద్దం మార్పించుకోడానికి వచ్చింది.

"ఆటలు, పిన్నీ."

"ఎవరికిరా?"

నాకే అందామంటే, తనకి నలభై దాటాయి. నాగశ్రీ చేత మాట్లాడించడానికి అందామంటే అది ఇంకా పెద్ద కథ. "పిల్లాడికి," అనేశాడు.

"ఏ పిల్లాడికి?"

అతని దగ్గర ట్యూషన్‌కి వచ్చే పిల్లలు గదినిండా ఉన్నారు. వాళ్ళలో ఏ పేరు చెప్పినా సరిపోయేది. ఒక్కటీ నోటికి రాలేదు. పిల్లాడు అనే మాట తన నోటినుంచి అలా, సొంతమాటలా, బయటికి రావడం అదే మొదటిసారి అని అతనికి తట్టింది. కళ్ళు తడిశాయి. జేబురుమాలు కోసం వెతికాడు, రెండు చేతుల్లోనూ డిస్కులున్నాయి.

పిన్ని ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. గొంతు తగ్గించింది.

"ఎన్నో నెల?"

"అలాంటిదేం లేదు పిన్నీ."

"లేదనే అనాలి. మూడో నెల నిండేదాకా దేవుడడిగినా లేదనే చెప్పాలి."

"కాదు పిన్నీ, నిజంగానే లేదు."

"ఎంత బాగా చెబుతున్నావురా. మీ బాబాయి అయితే మూడోరోజుకే వీధంతా చెప్పేసేరు." పిన్ని కళ్ళు ఒత్తుకుంది. "అప్పుడే పిల్లాడని ఎలా అనేసుకున్నావు, వెర్రివాడా. ఎవరైతేనేం."

అవునంటే అవును. కాదంటే మరింత గట్టిగా అవును. ఈ సమీకరణానికి ఇంకో జవాబు లేదని గ్రహించేసరికి పిన్ని అతని చేతిలోంచి గుర్రాన్ని లాగేసింది.

"తుపాకులా? కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లోనా? బాబూ కృష్ణమోహన్, శుభమా అని చిన్నపిల్లలదేదైనా ఇయ్యి."

కృష్ణమోహన్ అడుగునుంచి ఒక సీలు విప్పని డిస్కు తీశాడు. పచ్చటి అట్టమీద తల్లిబాతూ, తండ్రిబాతూ, వెనక వరసగా బాతుపిల్లలూ. మూలన 'మూడేళ్ళు దాటిన పిల్లలకి' అన్నట్టు ఒక గుండ్రటి గుర్తు. "పదిహేను వందలండి."

"కట్టు," అంది పిన్ని.

విశ్వనాథ్ పదిహేను వందలూ ఇచ్చాడు. ఎందుకిచ్చాడో అతనికే తెలియలేదు. ఆ కొట్లో అందరూ తనకో బిడ్డ ఉన్నట్టు నమ్ముతున్నారు. బయటికి వెళితే ఆ నమ్మకం ఇంకెక్కడా ఉండదు. కాసేపు దాని నీడలో నిలబడడానికి ధర అంతే అయితే ఖరీదేమీ కాదనిపించింది.

బస్సెక్కాక తెలివి వచ్చింది. నాగశ్రీకి ముందే చెప్పాలని ఫోన్ చేశాడు. ఎంగేజ్. మళ్ళీ చేశాడు, ఎంగేజ్. నెలకి నాలుగు ఫోన్లు రాని మనిషి. ముక్కామల దాటుతుండగా అతనికే ఫోనొచ్చింది. హెడ్‌మాస్టర్ సూర్యనారాయణమూర్తి గారు.

"విశ్వనాథ్ గారూ, రేపట్నుంచి మీకు మొదటి పీరియడ్ తీసేసేనండి. పొద్దున్నపూట ఇంట్లో పనుంటుంది కదండి."

"ఏం పనండి?"

"ఏం లేదండి. నాకేం తెలీదు. మా ఆవిడకీ తెలీదు."

"సార్, మీరనుకుంటున్నది నిజం కాదండి."

"ఆయ్, కాదండి. నేనూ కాదనే అంటున్నానండి."

పిన్నీ, హెడ్‌మాస్టర్ గారి భార్య సూర్యకుమారి గారూ ఒకే లలితా పారాయణం గ్రూపులో ఉన్నారు. అందులో పిన్ని ఒక మెసేజ్ పెట్టిందని విశ్వనాథ్‌కి తర్వాత తెలిసింది. 'మన విశ్వం భార్యని ఎవరూ ఏమీ అడగవద్దు' అని ఉంది అందులో. కింద ముప్ఫై ఇద్దరు చేతులు జోడించారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఏమీ అడక్కుండా ఉండడానికే అందరూ నాగశ్రీకి ఫోన్లు చేశారు.

కొత్తపేటలో దిగాక బుల్లిరాజు ఆటో ఎక్కాడు. ఆటో ఎద్దుబండిలా కదిలింది. ప్రతి గతుకు దగ్గరా ఆగి, ఆలోచించి, పక్కనుంచి వెళుతోంది.

"కాస్త తొందరగా పోనియ్యి బుల్లిరాజూ."

"అలవాటు చేసుకుంటున్నానండి. రేపు అమ్మగారిని ఆసుపత్రికి తిప్పాల్సింది నేనే కదండి."

"నీకెవరు చెప్పేరు?"

"ఎవరూ చెప్పలేదండి. వీరాయమ్మ గారు అట్లకని నానబోసుకున్న బియ్యం ఇచ్చి పిండి ఆడించుకు రమ్మన్నారండి. ఆవిడింట్లో ఎవరున్నారండి చలిమిడి పెట్టడానికి? నాకామాత్రం తెలీదాండి?"

మూడో నెలలో, ఊరికి చెప్పకముందే, కడుపు చల్లగా ఉండాలని పుట్టింటివాళ్ళు గుట్టుగా తెచ్చిపెట్టేది దొంగ చలిమిడి. నాగశ్రీకి తల్లి లేదు. పిన్నికి రేపటిదాకా రావడం కుదరదు. అందుకని పక్కింటి వీరాయమ్మకి పురమాయించి ఉంటుంది. పోయిన కార్తీకంలో ఆ చలిమిడి ఎవరు పెడతారా అని నాగశ్రీ ఒకసారి నవ్వుతూ అడిగింది. అడిగిన వారానికే ఆ అవసరం తీరిపోయింది. ఇప్పుడది డబ్బాలో గుమ్మంలోకి వస్తుంది. అరకొరగా వస్తున్న ఆ ఒకటి రెండు మాటలు కూడా ఇక రావు. తన చేతులతో తనే ఆపేశాడు.

"బుల్లిరాజూ, నేను నడుస్తాను," అన్నాడు.

"అదే తొందరలెండి," అన్నాడు బుల్లిరాజు నిజాయితీగా.

ఇంటి ముందు మెట్లమీద నాచు ఎవరో గీకేశారు. లోపల నాగశ్రీ కుర్చీలో కూర్చుని ఉంది, వీపు వెనక దిండు. ఒక పక్క వీరాయమ్మ, ఇంకో పక్క సూర్యకుమారి గారు. ఎదురుగా రెండు స్టీలు డబ్బాలు. నాగశ్రీ అరచేతిలో చలిమిడి ముద్ద ఉంది. తినలేదు, కింద పెట్టలేదు. విశ్వనాథ్ బాతుల డిస్కు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు.

"మీరు చెప్పేరా?" అంది నాగశ్రీ.

"లేదు. కాదనే చెప్పేను. అందరితోనూ కాదనే చెప్పేను."

"అలాగే చెప్పాలి మాస్టారూ," అంది వీరాయమ్మ మెచ్చుకోలుగా.

"నిజంగానే కాదండీ," అంది నాగశ్రీ.

"అవునమ్మా, కాదు. మేమేమైనా అన్నామా," అని సూర్యకుమారి గారు దిండు సర్దేరు.

నాగశ్రీ అరచేతిలోకి చూసింది. విశ్వనాథ్‌కి ఆ చూపు తెలుసు. ఇప్పుడు లేచి, పెరుగనో పాలనో అని, లోపలికి వెళ్ళిపోతుంది.

"ఇప్పుడు కాదండీ," అంది ఆమె లేవకుండా. "పోయిన కార్తీకంలో. మూడో నెల నిండలేదు."

సూర్యకుమారి గారి చెయ్యి దిండుమీదే ఆగిపోయింది.

"అయ్యో తల్లీ," అంది వీరాయమ్మ చివరికి. "గోడవతల ఉన్నాను కదమ్మా. ఒక్క మాట చెప్పలేదేం?"

"చెప్పకూడదన్నారు కదండీ."

నిందలేదు ఆ గొంతులో. పాఠం అప్పజెప్పినట్టు అంది. అనేశాక ఆమె మొహం చిన్నపిల్ల మొహంలా నలిగిపోయింది. వీరాయమ్మ ఆమె తలని పొట్టకేసి హత్తుకుంది. పుట్టిందని చెప్పుకోడానికి వీల్లేనిది పోయిందని చెప్పుకోడానికీ వీల్లేక, ఇన్నాళ్ళూ లోపలే ఉండిపోయిన ఏడుపు, ఇద్దరు ఆడవాళ్ళ మధ్య, శుభవార్త దిండుకి ఆనుకుని, బయటికి వచ్చింది. ఆ ఇంటికి పరామర్శకి ఎవరూ రాలేదని విశ్వనాథ్‌కి అప్పుడు తట్టింది. తనూ రాలేదు. తను గుర్రాలు కొనడానికి వెళ్ళాడు.

కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్ళాడు. పాలు పొంగి పొయ్యిమీద పోయాయి. పొయ్యి గట్టు పట్టుకుని అతనూ ఏడ్చాడు. ఎవరూ వినలేదు. అవతల అంతకంటే గట్టిగా ఏడుస్తున్నారు.

కాఫీ గ్లాసులతో వచ్చేసరికి వీరాయమ్మ ముక్కు చీది నాగశ్రీతో అంటోంది. "ఆ ముద్ద పారెయ్యకమ్మా. ఇది ఆ బిడ్డదే. ఆలస్యంగా వచ్చింది, అంతే. తినెయ్యి."

నాగశ్రీ తినేసింది. కాసేపటికి, "యాలకులు కాస్త ఎక్కువైనట్టున్నాయండీ," అంది.

విశ్వనాథ్ మొదటి గ్లాసు ఆమెకే అందించాడు.

"బుల్లిరాజుని తెమ్మంటే వాడి అభిమానం కొద్దీ తెచ్చేడమ్మా," అంది వీరాయమ్మ.

సాయంత్రం పిన్ని ఫోన్ చేసి ఏడ్చింది. ఏడుపయ్యాక, ఆ బాతుల్ని వెనక్కిచ్చేసి గుర్రాన్నే తెచ్చుకోమంది, తక్కువైంది తను వేస్తానంది. విశ్వనాథ్ కృష్ణమోహన్‌కి ఫోన్ చేశాడు. అతనికి అప్పటికే సంగతంతా తెలుసు. ఎంతో విచారించాడు. డిస్కు మాత్రం వెనక్కి తీసుకోనన్నాడు.

"పోనీ పెట్టండి, చూద్దాం," అంది నాగశ్రీ. చిక్కుళ్ళ పళ్ళెం పక్కన పెట్టి, రెండో రిమోటు తను తీసుకుంది.

ఆమెకి తల్లిబాతు వచ్చింది, అతనికి తండ్రిబాతు. పొద్దుగూకేలోగా పిల్లల్ని కాలవ దాటించాలి. నాలుగు పిల్లలు వెంటవెంటనే వచ్చేస్తాయి. అయిదోది అడుగడుక్కీ వెనకబడుతుంది. నాలుగింటిని చేర్చినా చాలు, రెండో మెట్టుకి పంపిస్తారు.

"ఆగండి, ఆగండి. ఆ చివర్ది రావట్లేదు," అంది నాగశ్రీ. తల్లిబాతుని వెనక్కి తిప్పింది. "మీరెక్కడికండీ అలా ముందుకెళ్ళిపోతారు? అది మిమ్మల్ని చూసే భయపడుతోంది. ఇలా రండి. నా పక్కన నడవండి."

పొద్దుగూకిపోయింది. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ ఆమె వెనక్కి వెళ్ళింది. ఈసారి అతనూ వెళ్ళాడు. చిక్కుళ్ళు అలాగే ఉండిపోయాయి. రాత్రి భోజనాల వేళ దాటిపోయేదాకా వాళ్ళు మొదటి మెట్టు దాటలేకపోయారు.

మూడేళ్ళ పిల్లలు కూడా సునాయాసంగా ఆడగలరని అట్ట వెనక రాసి ఉంది.