మురుగులో క్రమశిక్షణ

ఇకమీదట డ్రైనేజీలోకి ఏది పడితే అది వదలడానికి వీల్లేదని మంత్రిగారు ప్రకటించారు. నూనె, యాసిడ్, మరిగే నీళ్లు, రంగులు అన్నీ నిషేధం. "ఇవాళ్టి నుంచి మన మురుగు కాలువల్లో క్రమశిక్షణ పారుతుంది" అన్నారు. నేను టీవీ ముందు నిలబడి చప్పట్లు కొట్టాను. మాకు పెళ్లయి నలభై రోజులు. మా ఆయన పనిచేసే శాఖ పేరు టీవీలో వినడం అదే మొదటిసారి మరి.

మా ఆయనది మురుగునీటి శాంపిళ్లు తీసే ఉద్యోగం. ఇంకా పర్మనెంట్ కాలేదు. ఒక్క కేసు పట్టుకుంటే చేస్తామన్నారు. కానీ శాంపిల్ తీయాలంటే ఫ్యాక్టరీలకి వారం ముందే కబురు పెట్టాలని నిబంధన. వాళ్లు ఎంత మర్యాదస్తులంటే, ఈయన్ని ఎండలో తిప్పడం ఇష్టంలేక శాంపిల్‌ని తామే సీసాలో పోసి, మూత బిగించి, కారులో ఆఫీసుకి పంపిస్తారు. ఆ నీళ్లు తాగడానికి కూడా పనికొస్తాయని ల్యాబ్ రిపోర్టు వస్తుంది.

మా ఆయన కొత్తవారు కదా, తెలియక మా వీధిలో మ్యాన్‌హోల్ మూత తీశారు. పక్కనున్న అద్దకం ఫ్యాక్టరీ గోడ కిందనుంచి నీలం నీళ్లు ఉరుకుతున్నాయట. సీసా నింపుకుని ఇంటికొచ్చేసరికి ఆయన చేతులు మోచేతుల దాకా నీలం. పెళ్లిరోజున కూడా నాకంత అందంగా కనిపించలేదు.

మర్నాడు ఆఫీసులో పై అధికారి ఇంజనీరుగారు రిపోర్టు చూసి ఆయన్ని పిలిపించారు.

"ఈ నీళ్లెక్కడివయ్యా?"

"ఫ్యాక్టరీ పక్క మ్యాన్‌హోల్‌లోవి సార్."

"మ్యాన్‌హోల్ ఎవరిది?"

"పబ్లిక్‌ది సార్."

"పబ్లిక్ మ్యాన్‌హోల్‌లో నీళ్లు పబ్లిక్‌వి అవుతాయి గానీ ఫ్యాక్టరీవి ఎలా అవుతాయి? దగ్గర్లో ఎవరి ఇల్లుందో చూసి నోటీసివ్వు."

దగ్గర్లో ఉన్నది మా ఇల్లే. అద్దె అగ్రిమెంటు నా పేరున ఉంది.

సాయంత్రం మా ఆయన నోటీసుతో ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడి, ఈ ఉద్యోగం మానేస్తానన్నారు. నేను నోటీసు లాక్కుని చదివాను. నా పేరు పూర్తిగా ఆయన చేతిరాతలో చూడటం అదే మొదలు. ముందు 'గౌరవనీయులైన శ్రీమతి' అని కూడా ఉంది. మురిసిపోయి సంతకం పెట్టేశాను. ఒక్క గడి ఖాళీగా ఉంది.

"రోజుకి ఎన్ని లీటర్లు వదులుతున్నావో రాయాలి" అన్నారు నేలకేసి చూస్తూ.

"ఇంజనీరుగారు ఎంతన్నారు?"

"రెండు లక్షలు."

"అదే రాసేయండి."

"మన కుళాయికి రోజుకి ఆరు బకెట్లు కూడా రావు కదే."

"పొదుపుగా వాడుతున్నామని రాయండి."

కేసు నమోదైంది. క్రమశిక్షణకి ఇది తొలి విజయమని మంత్రిగారు ప్రకటించారు. మా ఆయన పర్మనెంట్ ఆర్డరు టైపయి సంతకానికి వెళ్లింది. ఒక్కటే మెలిక. సోమవారంలోగా ముద్దాయి నీలం నీళ్లు ఆపాలి. ఆపకపోతే ఆర్డరు చించేస్తారు.

శనివారం పొద్దున్నే నోటీసు పట్టుకుని అద్దకం ఫ్యాక్టరీకి వెళ్లాను. మేనేజరుగారు లేచి నిలబడి కుర్చీ వేయించారు. ఒక్క రెండ్రోజులు నీలం నీళ్లు ఆపమని బతిమాలాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని నోటీసు మొదటి నుంచి చివరిదాకా చదివారు. నా సంతకం దగ్గర కాసేపు ఆగారు. తర్వాత కాగితం జాగ్రత్తగా మడిచి, రెండు చేతులతో నాకు తిరిగిచ్చారు.

"మీ నీళ్ల విషయంలో మేం జోక్యం చేసుకుంటే నిబంధనలు ఒప్పుకోవమ్మా."